నియమాలు రాయడం తేలిక, నిలబెట్టడం కష్టం

ఒక చొక్కా కొందాం. పన్ను కలపకముందు దాని ధర 1,800 రూపాయలనుకోండి. 2025 సెప్టెంబరు 21న కొని ఉంటే దానిపై వస్తు సేవల పన్ను 12 శాతం, అంటే 216 రూపాయలు. మర్నాడు 22న కొని ఉంటే 5 శాతమే, అంటే 90 రూపాయలు. అదే కొట్లో 3,000 రూపాయల చొక్కా మీద మాత్రం పన్ను రాత్రికి రాత్రి 360 నుంచి 540 రూపాయలకు పెరిగింది. వెయ్యి రూపాయలు మించని దుస్తులకు 5 శాతం, మించితే 12 శాతం అని అంతవరకు ఉన్న నియమం, ఆ రోజు నుంచి 2,500 మించకపోతే 5 శాతం, మించితే 18 శాతం అని మారడమే ఇందుకు కారణం. పత్రికలో ఇది ఒక్క వాక్యం. కాని దేశమంతటా బట్టల కొట్లలో ఉన్న బిల్లింగ్ కంప్యూటర్లన్నిటిలో ఆ వాక్యం ఆ ఒక్క రాత్రిలో సరిగ్గా మారాలి.

ఇటువంటి మార్పులను తట్టుకోవడానికే 'రూల్ ఇంజన్లు' వచ్చాయి. బ్యాంకులో అప్పు మంజూరు, బీమా ప్రీమియం లెక్క, ఫోను బిల్లులో రాయితీ, పింఛనుకు అర్హత మొదలైన నిర్ణయాలకు సంబంధించిన నియమాలను ప్రోగ్రాం లోపల పాతిపెట్టకుండా బయటికి తీస్తారు. 'ఇలా అయితే, అలా చేయి' అనే విడివిడి వాక్యాలుగా రాస్తారు. ఎప్పుడు ఏది వర్తిస్తుందో ఇంజనే చూసుకుంటుంది. ఈ సరుకును అమ్మేవారు చెప్పే మాట ఒకటుంది: ప్రతి నియమం స్వతంత్రం, కావాలంటే ఒకటి చేర్చవచ్చు, వద్దంటే ఒకటి తీసేయవచ్చు, ప్రోగ్రామర్‌తో పనిలేకుండా వ్యాపారం తెలిసినవారే మార్చుకోవచ్చు.

ఈ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం ఎందుకు నిజం కాదో, దానివల్ల నష్టపోయేది ఎవరో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

మూడు సరైన నియమాలు, ఒక తప్పు బిల్లు

మళ్ళీ బట్టల కొట్టుకే వెళదాం. అక్కడి ఇంజన్‌లో మూడు నియమాలున్నాయి అనుకోండి. ఒకటి: దుస్తు ధర 2,500 రూపాయలు మించకపోతే 5 శాతం పన్ను వేయి. రెండు: మించితే 18 శాతం వేయి. మూడు: పండుగ రోజుల్లో ధరలో 10 శాతం తగ్గించు. మూడూ సరైనవే. ఏ ఒక్కదానిలోనూ తప్పు పట్టలేము.

ఇప్పుడు 2,700 రూపాయల చొక్కా వచ్చింది. రాయితీ ముందు ఇస్తే ధర 2,430 అవుతుంది, పన్ను 5 శాతం చొప్పున 121 రూపాయల 50 పైసలు. పన్ను నియమం ముందు పనిచేస్తే 2,700 కనుక 18 శాతం ఖాయమవుతుంది. ఆ తర్వాత రాయితీ ఇచ్చి, ఖాయమైన ఆ శాతాన్నే తగ్గిన ధరకు కడితే 437 రూపాయల 40 పైసలు. వస్తువు అదే, నియమాలు అవే, తేడా మాత్రం 315 రూపాయల 90 పైసలు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ధర మారగానే ఇంజన్ నియమాలన్నిటినీ మళ్ళీ సరిచూస్తుంది. అదే దాని ప్రత్యేకత. ఇప్పుడు ధర 2,430 కాబట్టి మొదటి నియమానికీ అర్హత వస్తుంది. అంతకుముందు వేసిన 18 శాతాన్ని వెనక్కి తీసుకోమని ఎవరూ చెప్పకపోతే, బిల్లు మీద రెండు పన్నులూ కూర్చుంటాయి.

దీనికి చాలామంది వాడే మందు ప్రాధాన్య సంఖ్య. రాయితీ నియమానికి 100, పన్ను నియమానికి 50 అని ఇస్తారు. పెద్ద సంఖ్య ఉన్నది ముందు పనిచేస్తుంది. నియమాలు పది ఉన్నప్పుడు ఇది బాగానే ఉంటుంది. తర్వాత వచ్చినవారు ఈ రెంటి మధ్య ఇంకొకటి చేర్చాలని 75 ఇస్తారు, ఆ తర్వాతివారు 74 ఇస్తారు. నియమాలు వేయి దాటేసరికి ఆ 74 దేనికి ముందు ఉండాలని పెట్టారో, దేనికి వెనక ఉండాలని పెట్టారో చెప్పగలిగినవారు ఆ ఆఫీసులో ఉండరు. సంఖ్య మిగులుతుంది, దాని వెనక ఉన్న ఉద్దేశం పోతుంది. నియమాలు 'స్వతంత్రం' అన్న మాట ఇక్కడ అబద్ధమవుతుంది. అవి ఒకదానిమీద ఒకటి ఆధారపడే ఉన్నాయి, కాకపోతే ఆ ఆధారం పైకి కనిపించడం లేదు.

ఎక్స్‌కాన్ నేర్పిన పాఠం

ఈ చిక్కు కొత్తది కాదు. అమెరికాలో నలభై ఏళ్ళ కిందటే ఒక పెద్ద కంపెనీ దీన్ని ఎదుర్కొంది, ఎదుర్కొన్న తీరును దాచకుండా ప్రచురించింది కూడా. అది డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్. ఆ కంపెనీ అమ్మే వ్యాక్స్ కంప్యూటర్లు ఒకే అచ్చులో పోసినవి కావు. కొనేవారి అవసరాన్ని బట్టి డిస్కులు, కేబుళ్ళు, పెట్టెలు, విద్యుత్ సరఫరా భాగాలు కూర్చి ఇవ్వాలి. ఒక కేబుల్ మరిచిపోయినా యంత్రం పనిచేయదు. ఈ కూర్పును సరిచూడడానికి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జాన్ మెక్‌డెర్మాట్ 1978 చివర ఒక నియమాల వ్యవస్థను మొదలుపెట్టారు. దాని మొదటి పేరు ఆర్-1, తర్వాతి పేరు ఎక్స్‌కాన్. 1980 నుంచి కంపెనీ దాన్ని నిజమైన ఆర్డర్లపై వాడింది.

కార్నెగీ మెలన్ పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు దశాబ్దాలపాటు పనిచేసిన చోటు అది. 1994లో ఆయనతోపాటు ట్యూరింగ్ పురస్కారం అందుకున్న ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్, ఇటువంటి నిపుణ వ్యవస్థలకు ఆద్యుడని పేరుపొందినవారు.

ఎక్స్‌కాన్ మొదట్లో 800 లోపు నియమాలతో నడిచింది. నాలుగేళ్ళలో అవి 3 వేలు దాటాయి. 1987 నాటికి సుమారు 6,200 అయ్యాయి. అంతకన్నా ముఖ్యమైన సంఖ్య మరొకటి ఉంది: ఆ నియమాల్లో దాదాపు సగం ఏటా మారేవి. కొత్త డిస్కు వస్తే, పాత పెట్టె ఆగిపోతే, నియమాలు మారక తప్పదు కదా. వ్యవస్థ ఇచ్చే జవాబులు సంతృప్తికరంగానే ఉన్నా, దాన్ని మార్చడం మాత్రం ఏటికేడాది కష్టమవుతోందని అందులో పనిచేసినవారే ఆ ఏడాది ఒక సమావేశంలో పత్రం చదివారు.

కారణం మన బట్టల కొట్టులో చూసిందే. రెండు నియమాలు ఒకేసారి అర్హత పొందితే, ఎక్కువ షరతులున్నదాన్ని ప్రత్యేక సందర్భంగా ఎంచి ముందు పనిచేయించడం ఆ ఇంజన్ పద్ధతి. ప్రోగ్రామర్లు దీన్ని ఆసరాగా తీసుకున్నారు. ఒక నియమం ముందు రావాలంటే దానికి ఇంకో షరతు తగిలించేవారు. చదివేవారికి ఆ షరతు కంప్యూటర్ కూర్పుకు సంబంధించిన నిజంలా కనిపిస్తుంది. నిజానికి అది వరుసలో ముందుకు జరగడానికి వేసిన ఎత్తు. ఏది విషయమో, ఏది ఎత్తో తెలియకుండా ఆ నియమాన్ని మార్చడం ఎలా?

కంపెనీ చివరికి ఎక్స్‌కాన్‌ను తిరగరాయాలని నిశ్చయించింది. అందుకోసం తయారుచేసిన కొత్త భాషకు రైమ్ అని పేరు పెట్టారు. ఆ పేరును విడమరిస్తే 'ఆర్-1లో దాగి ఉన్నదాన్ని బయటపెట్టడం' అని అర్థం. ఏ దశలో ఏ పని జరగాలో, ఒక దశలో ముందు ప్రతిపాదనలు, తర్వాత వాటిలో ఎంపిక, ఆ తర్వాత అమలు ఎలా సాగాలో అందులో విడిగా రాశారు. నియమం తన వంతు ఎప్పుడో తనలో దాచుకోనక్కరలేదు. నియమాలను నిలబెట్టడం గురించి ఆ తర్వాత వచ్చిన సలహాల్లో చాలావరకు ఈ ఒక్క పేరులోనే ఉన్నాయంటే అతిశయోక్తి కాదు.

కారణం లేని నియమం

వరుస ఒక్కటే కాదు, నియమం దాచుకునేది ఇంకొకటి ఉంది. అది దాని కారణం. దీన్ని వైద్యరంగంలో మరో వ్యవస్థ బయటపెట్టింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1970ల్లో తయారైన మైసిన్, రక్తంలో చేరిన బాక్టీరియాను గుర్తించి తగిన యాంటీబయాటిక్‌ను సూచించేది. దాని నియమాలతో వైద్య విద్యార్థులకు పాఠం చెప్పవచ్చునని విలియం క్లాన్సీ ప్రయత్నించారు. నియమాలు సరైనవే అయినా, వాటితో పాఠం చెప్పడం కుదరలేదు.

ఒక ఉదాహరణ: 'రోగి వయసు ఎనిమిదేళ్ళ లోపు అయితే టెట్రాసైక్లిన్ ఇవ్వవద్దు.' ఎందుకు? ఆ మందు ఎదిగే పళ్ళలో, ఎముకల్లో కాల్షియంతో కలిసి చేరుతుంది, పళ్ళకు శాశ్వతంగా మరక పడుతుంది. ఈ కారణం నియమంలో ఎక్కడా లేదు. లేకపోయినా కంప్యూటర్ సరిగ్గానే నడుస్తుంది. చిక్కు నియమాన్ని మార్చవలసి వచ్చినప్పుడు మొదలవుతుంది. అదే కుటుంబంలోని డాక్సీసైక్లిన్ కాల్షియంతో అంతగా బంధం ఏర్పరచుకోదు. అందుకే 21 రోజులు మించని చికిత్సకు దాన్ని ఏ వయసు పిల్లలకైనా వాడవచ్చని అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 2018లో తన మార్గదర్శకాల్లో చేర్చింది. కారణం తెలిసినవారు నియమంలో ఏ భాగం సడలించాలో, ఏ భాగం అలాగే ఉంచాలో చెప్పగలరు. నియమం మాత్రమే తెలిసినవారు దాన్ని మొత్తంగా ఉంచాలి, లేదా మొత్తంగా తీసేయాలి.

మైసిన్‌లోనే మరో నియమంలో 'వయసు 17 దాటింది' అన్న షరతు, 'రోగి తాగుడుకు అలవాటుపడ్డాడు' అన్న షరతుకు ముందు ఉంటుంది. వైద్యశాస్త్రం దృష్టిలో ఆ వరుసకు అర్థం లేదు. చిన్నపిల్లవాడిని 'నువ్వు తాగుతావా' అని కంప్యూటర్ అడగకుండా ఉండేందుకు పెట్టిన వరుస అది! ఆ సంగతి ఎక్కడా రాయలేదు. రేపు ఎవరో చూడడానికి బాగుంటుందని షరతులను అటూ ఇటూ చేస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

వేగం ఎక్కడ పోతుంది?

'ఇంజన్ అన్నీ చూసుకుంటుంది' అన్న భరోసా వేగం విషయంలోనూ ఇస్తారు. దీనికి ఆధారం ఉంది. వేల నియమాలను వేల వాస్తవాలతో ప్రతిసారీ మొదటినుంచీ పోల్చకుండా ఉండే ఉపాయాన్ని కార్నెగీ మెలన్‌లోనే చార్లెస్ ఫోర్జీ కనిపెట్టి, 1982లో సమగ్రంగా ప్రచురించారు. దాని పేరు రేటే, లాటిన్‌లో వల అని అర్థం. పది నియమాల్లో 'బిల్లు తమిళనాడుకు చెందినది' అన్న షరతు ఉంటే దాన్ని ఒక్కసారే పరీక్షించి ఫలితాన్ని పదీ పంచుకుంటాయి. సగం కుదిరిన జతలను వల గుర్తుపెట్టుకుంటుంది. కొత్త వాస్తవం వచ్చినప్పుడు ఆ మార్పు మాత్రమే వలలో పారుతుంది.

చక్కటి ఉపాయమే. కాని దీని వెనక ఒక ఊహ ఉంది: వాస్తవాలు ఎక్కువకాలం ఉంటాయి, ప్రతి అంచెలో మారేవి కొద్దిగానే ఉంటాయి అని. వ్యాక్స్ కంప్యూటర్‌ను అంచెలంచెలుగా కూర్చే పనికి ఆ ఊహ సరిపోతుంది. బిల్లింగ్ కౌంటర్ సంగతి వేరు. ఒక బిల్లు వస్తుంది, లెక్క కడతారు, పంపేస్తారు. తర్వాతి బిల్లుకు దానితో సంబంధం లేదు. అక్కడ గుర్తుపెట్టుకోవడానికి ఏమీ లేనప్పుడు వల అల్లడం వృథా. పై నుంచి కిందికి వరుసగా చూసే ఒక పట్టిక చాలు. కొన్ని వాణిజ్య ఇంజన్లు ఇలా వరుసగా నడిచే పద్ధతిని కూడా ఇస్తున్నది అందుకే. పనిని చూసి పద్ధతి ఎంచుకోవాలి గాని, ఇంజన్ ఉంది కదా అని పనిని దానికి తగిలించకూడదు.

వల అవసరమైన చోట కూడా నియమం రాసే తీరే వేగాన్ని నిర్ణయిస్తుంది. ఒక కంపెనీకి వచ్చిన 10,000 బిల్లుల్లో రెండుసార్లు పంపినవి పట్టుకోవాలి అనుకుందాం. 'ఒక బిల్లు ఉంది, ఇంకో బిల్లు ఉంది, రెంటి మొత్తం ఒకటే అనిపిస్తే చూడు' అని, పోలికనంతా నియమం చివరన రాస్తే, ప్రతి బిల్లునూ ప్రతి బిల్లుతో జత కట్టాలి. అవి 10 కోట్ల జతలు. 'రెండో బిల్లు పంపింది కూడా ఆ సరఫరాదారే' అన్న షరతును జత కట్టే చోటనే రాస్తే, 200 మంది సరఫరాదారులు తలా 50 బిల్లులు పంపిన పక్షంలో, చూడవలసినవి 5 లక్షలే. రెండు వందల రెట్ల తేడా. జల్లెడ పట్టే షరతులు ముందు, అరుదుగా మారేవి ముందు, క్షణక్షణం మారేవి వెనక అన్నది ఇక్కడి సూత్రం. దీన్ని 'వ్యాపారం తెలిసినవారు' తమంతట తాము ఊహించగలరని అనుకోవడం వారికి అన్యాయం చేయడమే.

పట్టిక చూపే ఖాళీలు

మరి దారి లేదా? ఉంది, అదీ పాతదే. ఒక నిర్ణయానికి సంబంధించిన అన్ని సందర్భాలనూ ఒకే పట్టికలో పెట్టడం. మన పన్ను చట్టంలోనే దీనికి మంచి ఉదాహరణ దొరుకుతుంది. పన్ను రేటు మారిన రోజుకు అటూ ఇటూ పడిన సేవకు ఏ రేటు వేయాలి? కేంద్ర వస్తు సేవల పన్ను చట్టం 14వ సెక్షన్ మూడు సంగతులు చూడమంటుంది: సేవ ఎప్పుడు జరిగింది, బిల్లు ఎప్పుడు ఇచ్చారు, డబ్బు ఎప్పుడు ముట్టింది. ఒక్కొక్కటి మార్పుకు ముందో తర్వాతో కావచ్చు కనుక మొత్తం ఎనిమిది సందర్భాలు. మూడూ ముందే అయితే పాత రేటు, మూడూ తర్వాత అయితే కొత్త రేటు. అందులో వివాదం లేదు. మిగిలిన ఆరింటినీ చట్టం విడివిడిగా చెప్పింది.

ఈ ఆరింటినీ ఆరు విడి నియమాలుగా ఇంజన్‌లో పడేస్తే, ఒకటి రాయడం మరిచిపోయినా ఇంజన్ నోరెత్తదు. ఆ సందర్భం వచ్చిన రోజున ఏ నియమమూ పనిచేయదు, అంతే. ఎనిమిది వరుసల పట్టికలో అయితే ఖాళీ గడి కంటికి కనిపిస్తుంది. ఒకే సందర్భానికి రెండు జవాబులుంటే అదీ కనిపిస్తుంది. ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అనే ప్రమాణాల సంస్థ 2015లో వెలువరించిన నిర్ణయ నమూనాల ప్రమాణం ఇటువంటి పట్టికలకే పెద్దపీట వేసింది. ఒక సందర్భానికి ఒక్క వరుసే వర్తించాలన్న కట్టుబాటును కూడా పట్టిక మీదనే ప్రకటించే వీలు కల్పించింది.

ఈ ఎనిమిది వరుసలనూ పరిశీలనగా చూస్తే ఒక తమాషా బయటపడుతుంది. కొన్ని మినహాయింపులు పక్కన పెడితే, మూడింట్లో ఏ రెండు మార్పుకు ముందు జరిగితే పాత రేటు, ఏ రెండు తర్వాత జరిగితే కొత్త రేటు. తెలివైన ప్రోగ్రామర్ వెంటనే పట్టిక తీసేసి, 'మూడింట రెండు' అని ఒక్క నియమం రాస్తాడు. రాయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. చట్టంలో 'మూడింట రెండు' అన్న మాట లేదు, అది మనం కనిపెట్టిన పోలిక. రేపు పార్లమెంటు ఆరింటిలో ఒక్క సందర్భాన్ని మారిస్తే పట్టికలో ఒక గడి మార్చడంతో పోతుంది. ఆ ఒక్క నియమమైతే మొత్తం కూలుతుంది. ఆడిటర్ కూడా చట్టాన్ని పక్కన పెట్టుకుని పట్టికను వరుసవెంట వరుసగా సరిచూడగలడు. పొట్టిగా ఉండడం వేరు, నిలబడడం వేరు.

తేదీ కూడా ఇలాంటిదే. 2025 సెప్టెంబరు 22న పాత నియమాన్ని చెరిపి కొత్తది రాసిన కొట్టుకు, ఆగస్టులో కొన్న చొక్కాను అక్టోబరులో తిరిగి తెచ్చిన కొనుగోలుదారు చిక్కు తెచ్చిపెడతాడు. అతనికి తిరిగి ఇవ్వవలసింది అతను కట్టిన పాత పన్ను. రేటు పక్కన 'ఎప్పటినుంచి, ఎప్పటివరకు' అన్న రెండు గడులు ఉంటే ఈ బాధ లేదు. హద్దులు, శాతాలు, తేదీలు పట్టికలో ఉండాలి. నియమం వాటిని చదవాలి గాని తనలో పోసుకోకూడదు.

ఎవరికి జవాబు చెప్పాలి?

ఇదంతా ప్రోగ్రామర్ల సౌకర్యం కోసమే అయితే ఇంత రాయనవసరం లేదు. బిల్లులో మూడు వందలు పోతే మనం కొట్టువాడితో వాదించి రాబట్టుకోగలం. కాని ఇవే ఇంజన్లు అప్పు ఇవ్వాలా వద్దా, బీమా సొమ్ము చెల్లించాలా వద్దా అని కూడా నిర్ణయిస్తున్నాయి. ఎందుకు తిరస్కరించారని అడిగిన మనిషికి కౌంటర్ వెనక నుంచి వినిపించే మాట మీకు తెలిసిందే: 'కంప్యూటర్ తీసుకోవడం లేదండీ.'

ఆ మాట అనే గుమాస్తాది తప్పు కాదు. అతనికి అంతకుమించి తెలిసే వీలు లేదు. రూల్ ఇంజన్ల గొప్పల్లో ఒకటి, ఏ నియమం పనిచేసిందో అది చూపించగలగడం. కాని 412వ నియమం పనిచేసిందని చెప్పడం కారణం చెప్పినట్టు కాదు. ఆ నియమం ఏ ఉత్తర్వు నుంచి వచ్చింది, ఏ తేదీ నుంచి అమల్లో ఉంది, ఎందుకు పెట్టారు అన్న మూడూ దాని పక్కన రాసి ఉంటేనే అది జవాబవుతుంది. పైగా తిరస్కారాలు అనేకం ఏదో నియమం పనిచేయడం వల్ల కాక, పనిచేయవలసినది పనిచేయకపోవడం వల్ల జరుగుతాయి. ఆ మౌనాన్ని ఏ ఇంజనూ తనంతట తాను వివరించదు. ఖాళీ లేని పట్టిక ఒక్కటే దాన్ని ముందుగా పట్టిస్తుంది.

రూల్ ఇంజన్లు వద్దని ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నియమాన్ని ప్రోగ్రాం చీకట్లోంచి వెలుగులోకి తేవడం మంచి ఆలోచన. కాని నియమం ఒక్కటే బయటికి వచ్చి, దాని వరుస, తేదీ, కారణం లోపలే ఉండిపోతే, చీకటి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారినట్టే. కనుక మీ సంస్థలో ఎవరైనా ఇటువంటి ఇంజన్‌ను అమ్మజూపితే, ఎన్ని వేల నియమాలు నడపగలదని అడగకండి. ఏదో ఒక నియమాన్ని వేలితో చూపించి, దీన్ని తీసేస్తే ఎవరి నిర్ణయాలు మారతాయో చెప్పమనండి. ఆ ప్రశ్నకు ఇంజన్ గాని, దాన్ని నడిపేవారు గాని తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే, అప్పుడు కొనండి.